కాలనీ పార్కు: చందా మనది, స్థలం ఊరిది

ఆలనాపాలనా లేని పురపాలక పార్కుల గురించి గత సంచికలో ఒక పాఠకుడి లేఖ ప్రచురించాం. అప్పటి నుంచి అదే విషయంపై ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. వాటిలో ఫిర్యాదులు తక్కువ. ‘మేమూ కొంత వేసుకుంటాం, ప్రభుత్వంతో కలిసి పనిచేయడం ఎలా?’ అని అడిగినవే ఎక్కువ. అందుకే ఈ నెల శీర్షికను పూర్తిగా దీనికే కేటాయిస్తున్నాం. ఒకే ప్రశ్నను పలువురు అడిగినచోట ఒకరి ఉత్తరాన్ని మాత్రమే తీసుకున్నాం. కొందరు పేర్లు వద్దన్నారు కాబట్టి అందరికీ ఊరి పేరే ఇస్తున్నాం.

ప్రశ్న (హనుమకొండ): మా కాలనీలో అరెకరం పార్కు ఉంది. ప్రహరీ సగం కూలిపోయింది, బోరు ఎండిపోయింది, ఉయ్యాలల గొలుసులు తెగిపోయాయి. అడిగితే నిధులు లేవంటున్నారు. ‘మీరు కొంత వేసుకోండి, మిగతాది మేం చూస్తాం’ అని ఒక అధికారి నోటిమాటగా అన్నారు. నూట ఇరవై ఇళ్లవాళ్లం ఇంటికి 5 వేల చొప్పున 6 లక్షలు పోగుచేయగలం. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: చందా పుస్తకం అచ్చువేయించడానికి ముందే ఆ స్థలం ఎవరి పేర ఉందో తెలుసుకోండి. లేఅవుట్ వేసినప్పుడు సాధారణంగా 10 శాతం స్థలాన్ని ఖాళీగా వదిలి, దానపత్రం రిజిస్టరు చేసి స్థానిక సంస్థకు అప్పగించాలన్నది నిబంధన. అయితే పాత కాలనీలలో, ముఖ్యంగా గృహనిర్మాణ సహకార సంఘాలు వేసిన వాటిలో, నక్షాలో ‘పార్కు’ అని రాసి ఆకుపచ్చ రంగు పూసి ఉంటుంది గాని దానపత్రం మాత్రం కనిపించదు. ఆ కాగితం లేకపోతే రెండు చిక్కులు వస్తాయి. తన పేర లేని స్థలం మీద ఖర్చు చేస్తే ఆడిట్‌లో అభ్యంతరం వస్తుందని నగరపాలక సంస్థ వెనకాడుతుంది. మీరు 6 లక్షలు పెట్టి ప్రహరీ కట్టుకున్నాక, పాత పట్టాదారు వారసులెవరో కోర్టు నోటీసు పంపుతారు. కాబట్టి టౌన్ ప్లానింగ్ విభాగం నుంచి ఆమోదిత లేఅవుట్ నకలును, సబ్ రిజిస్ట్రారు కార్యాలయం నుంచి ఈసీని (ఆ స్థలంపై నమోదైన లావాదేవీల ధ్రువపత్రాన్ని) తీసుకోండి. దానపత్రం లేదని తేలితే మీ మొదటి ఉద్యమం ఉయ్యాలల కోసం కాదు, ఆ పత్రం కోసం జరగాలి.

రెండో పని సంఘం. 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద ఏడుగురు సభ్యులతో జిల్లా రిజిస్ట్రారు వద్ద నమోదు చేసుకోవచ్చు. కాలనీ సంక్షేమ సంఘం ఇప్పటికే ఉంటే కొత్తది పెట్టనక్కరలేదు. పార్కు ఖాతాను మాత్రం విడిగా తెరిచి, ఇద్దరి సంతకాలతో నడిచేటట్టు చూడండి. వినాయక చవితి చందా, మంచినీటి ట్యాంకరు డబ్బు, పార్కు డబ్బు ఒకే ఖాతాలో కలిశాయంటే ఏడాది తిరగకుండానే సంఘం రెండుగా చీలుతుందని పెద్ద పరిశోధన లేకుండానే చెప్పవచ్చు.

ఇక అసలు విషయం, ఆ అధికారి నోటిమాట. ఆయన మంచి ఉద్దేశంతోనే అని ఉండవచ్చు గాని, బదిలీ అయిన మరునాడు ఆ మాట ఆయనతోపాటే వెళ్లిపోతుంది. కమిషనరుకు దరఖాస్తు పెట్టి, ఇంజినీరింగ్ విభాగంతో అంచనా వేయించి, మీ వాటా ఎంతో సంస్థ వాటా ఎంతో రాతపూర్వకంగా మంజూరు చేయించుకోండి. అక్కడి నుంచి రెండు దారులున్నాయి. మీ వాటాను సంస్థకు జమచేస్తే సంస్థే టెండరు పిలిచి పని చేయిస్తుంది. దీన్ని ఇంజినీర్లు డిపాజిట్ వర్క్ అంటారు. ఇందులో కొలతల పుస్తకం, నాణ్యత తనిఖీ, బిల్లు అన్నీ ప్రభుత్వ పద్ధతిలో నడుస్తాయి కాబట్టి లెక్క పక్కాగా ఉంటుంది. కాలయాపన జరుగుతుంది, పర్యవేక్షణ ఖర్చు కూడా కలుస్తుంది. రెండో దారిలో పనులను విడదీస్తారు. ప్రహరీ, బోరు, విద్యుత్ కనెక్షన్ వంటి పెద్ద పనులు సంస్థవి. మొక్కలు, బెంచీలు, ఆట పరికరాలు, రంగులు మీవి. అరెకరం పార్కుకు నేను సలహా ఇవ్వాల్సి వస్తే రెండోదే మేలంటాను. మీ డబ్బు మీ చేతిమీదుగానే ఖర్చవుతుంది, సంస్థ ఆస్తి సంస్థ లెక్కలోనే ఉంటుంది, ఒకరి పని ఆగినా రెండోవారి పని ఆగదు.

ఒప్పందంలో అందరూ నిర్మాణం గురించే రాస్తారు. నిర్వహణ గురించి రాయడం మరిచిపోతారు. నేను పురపాలక విభాగంలో పనిచేసిన రోజుల్లో ఒక పట్టణంలో దాతలు ముచ్చటపడి పార్కు నడుమ ఫౌంటెన్ కట్టించారు. రంగుల దీపాలు, పాటకు తగినట్టు ఎగిరే నీళ్లు, ప్రారంభోత్సవం నాటికి ఊరంతా అక్కడే. ఎనిమిది నెలలకు మోటారు కాలిపోయింది. కరెంటు మీటరు ఎవరి పేర ఉండాలో ఎవరూ రాసుకోలేదు కనుక బిల్లు ఎవరూ కట్టలేదు, మోటారు ఎవరూ మార్చలేదు. తర్వాత ఆ తొట్టెలో దోమల మందు చల్లే పని మాత్రం పారిశుద్ధ్య విభాగానికి శాశ్వతంగా మిగిలింది. మీటరు ఎవరి పేర, తోటమాలి జీతం ఎవరిది, బోరు మోటారు కాలితే ఎవరు బాగుచేయించాలి, పరికరం విరిగి పిల్లవాడికి దెబ్బ తగిలితే బాధ్యత ఎవరిది అన్న నాలుగు ప్రశ్నలకు ఒప్పందంలో నాలుగు వాక్యాలు ఉండి తీరాలి. 6 లక్షలు పోగైతే 4 లక్షలే ఖర్చుపెట్టి మిగిలిన 2 లక్షలను డిపాజిట్ చేసి ఉంచుకోండి. వడ్డీ తోటమాలి జీతానికి సరిపోదు గాని, మోటారు కాలిన రోజున మళ్లీ ఇంటింటికీ తిరిగే అవస్థ తప్పుతుంది.

ప్రశ్న (విశాఖపట్నం): ఆస్తి పన్ను కడుతున్నాం, ఖాళీ స్థలానికీ పన్ను కడుతున్నాం. పార్కు బాగుచేయడం ప్రభుత్వ విధి. మళ్లీ చందాలు వేసుకుంటే, చేయాల్సిన పని చేయనివాళ్లకు మనమే సాకు ఇచ్చినట్టు కాదా?

జవాబు: మీ అనుమానం సరైనదే. పౌర సంఘం డబ్బు తేగానే ప్రభుత్వం తన డబ్బును మెల్లగా వెనక్కి తీసుకునే అవకాశం ఎక్కడైనా ఉంటుంది. ఈ విషయంలో ప్రపంచమంతా చూపించే ఉదాహరణ న్యూయార్క్‌లోని సెంట్రల్ పార్కు కాబట్టి దాని కథను కాస్త వివరంగా చెప్పుకోవాలి.

నగరం నడుమ 843 ఎకరాల పార్కు అది. 1858లో ఓమ్‌స్టెడ్, వాక్స్ అనే ఇద్దరు కలిసి గీసిన నమూనా ప్రకారం రూపుదిద్దుకుంది. 1975లో న్యూయార్క్ నగరం దివాలా అంచుకు చేరినప్పుడు ముందుగా కోత పడిన వాటిలో పార్కుల సిబ్బంది ఒకటి. పచ్చికబయళ్లు మట్టిదిబ్బలయ్యాయి, కట్టడాలు గీతలతో నిండిపోయాయి, సాయంత్రమైతే అటు వెళ్లడానికి జనం భయపడేవారు. అప్పటికే విడివిడిగా పనిచేస్తున్న పౌర బృందాలు కలిసి 1980లో సెంట్రల్ పార్క్ కన్జర్వెన్సీని స్థాపించాయి. ఈ కథలో మనవాళ్లు సాధారణంగా వదిలేసే భాగం ఇక్కడే ఉంది. ఆ సంఘం పద్దెనిమిదేళ్లు పనిచేశాకే, 1998లో, నగరంతో పూర్తిస్థాయి నిర్వహణ ఒప్పందం కుదిరింది. పార్కు నగరానిదే. విధానాలు నిర్ణయించే అధికారం, ఉత్సవాలకు అనుమతులిచ్చే అధికారం నగరానివే. సంఘం రోజువారీ నిర్వహణ చేస్తుంది, దానికి నగరం ప్రతి ఏటా రుసుము చెల్లిస్తుంది. నిర్వహణ వ్యయంలో పెద్ద భాగాన్ని సంఘం విరాళాలతో సమకూర్చుకుంటుంది. నగరం ఇచ్చే వాటా చిన్నదిగా కనిపించినా, అది ఉన్నంతకాలం పార్కు ప్రభుత్వ బాధ్యత కాదని ఎవరూ అనలేరు.

మీరు చందా ఇవ్వాలా వద్దా అన్నది కాలనీ తేల్చుకోవాల్సిన విషయం. ఇస్తే మాత్రం ఒక షరతు రాయించుకోండి: ఈ పార్కుకు గత మూడేళ్లలో సంస్థ సగటున ఎంత ఖర్చు పెట్టిందో అంతకు తగ్గించరాదు, పౌరుల డబ్బు దానికి అదనంగా చేరాలి. ఆ మూడేళ్ల లెక్క అడగగానే చాలాచోట్ల ‘సున్నా’ అని జవాబు వస్తుంది. అదీ రికార్డు కావడం మంచిదే. తెలంగాణ పాఠకులకు మరో ఆయుధం ఉంది. 2019 నాటి పురపాలక చట్టం హరిత ప్రణాళిక కోసం పురపాలికలు తమ బడ్జెట్‌లో 10 శాతం కేటాయించాలని చెబుతోంది. చందా వేసుకునే ముందు ఆ 10 శాతంలో మీ వార్డుకు ఏం వచ్చిందని అడగడం హక్కే అవుతుంది గాని గొడవ కాదు.

ప్రశ్న (డాలస్, అమెరికా): మాది తెనాలి. నాకు అమెరికా పౌరసత్వం, ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన భారత సంతతివారికి ఇచ్చేది) ఉన్నాయి. మా తమ్ముడు హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఇక్కడే ఉన్నాడు. మా వీధి చివరి పార్కుకు మా నాన్నగారి జ్ఞాపకార్థం డబ్బు పంపాలనుకుంటున్నాం. అక్కడి సంఘం ఖాతాకు నేరుగా పంపవచ్చా?

జవాబు: మీ తమ్ముడు పంపవచ్చు, మీరు పంపకూడదు. వినడానికి విడ్డూరంగా ఉన్నా చట్టం అంతే. 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం దాత నివాసాన్ని చూడదు, పౌరసత్వాన్ని చూస్తుంది. భారత పాస్‌పోర్టు ఉన్న వ్యక్తి విదేశంలో సంపాదించిన సొంత డబ్బును మామూలు బ్యాంకు మార్గంలో పంపితే అది విదేశీ విరాళం కాదు. విదేశీ పౌరుడు ఇస్తే, పుట్టింది తెనాలిలోనే అయినా, ఓసీఐ కార్డు ఉన్నా, సెలవుల్లో వచ్చి రూపాయల్లోనే ఇచ్చినా, అది విదేశీ విరాళమే. కేంద్ర హోంశాఖ వద్ద నమోదు గాని ముందస్తు అనుమతి గాని లేని సంఘం దాన్ని తీసుకుంటే చిక్కుల్లో పడేది మీరు కాదు, ఆ వీధిలో సంఘం నడుపుతున్న ముసలి మాస్టారు. నమోదున్న మరో సంస్థ ద్వారా మళ్లించి ఇద్దామంటే, 2020 సవరణ తర్వాత అలా ఒక సంస్థ నుంచి మరో సంస్థకు బదిలీ చేయడమూ నిషిద్ధమే. నమోదున్న సంస్థే స్వయంగా ఆ పార్కు పని చేపట్టేటట్టయితే అభ్యంతరం లేదు. బంధువు ఖాతాకు పంపి ఆయన చేత ఇప్పించడమనే దొడ్డిదారిని ఎవరైనా చెబితే వినకండి. మీ అన్నదమ్ములిద్దరి సంకల్పం ఒకటే కాబట్టి తెనాలి వాటాను తమ్ముడికి వదిలి, మీరు ఉన్న ఊరి పార్కు సంగతి చూడవచ్చు.

ఇది హాస్యానికి అంటున్న మాట కాదు. మీ పక్కనే ఉన్న ఇర్వింగ్‌లో థామస్ జెఫర్సన్ పార్కులోని మహాత్మాగాంధీ స్మారక ప్రాంగణం 2014 అక్టోబరు 2న ప్రారంభమైంది. నగరం పార్కులో చోటిచ్చింది, విరాళాలు ప్రవాస భారతీయులు సమకూర్చారు, ఆ పనిలో తెలుగువారు ముందున్నారు. స్థలం ప్రజలది, చందా పౌరులది, ప్రవేశం అందరిది అన్న సూత్రం మీ కళ్లెదుటే ఉంది.

ప్రశ్న (హైదరాబాద్): మా పార్కును బాగుచేస్తామని ఒక కంపెనీ ముందుకొచ్చింది. సామాజిక బాధ్యత నిధుల నుంచి డబ్బిస్తారట. ప్రధాన ద్వారంపై కంపెనీ పేరు, లోపల వాళ్ల ఉత్పత్తుల బోర్డులు, ఒక మూల కాఫీ దుకాణం కావాలంటున్నారు. సంఘంలో సగంమంది సరేనంటున్నారు.

జవాబు: పెద్ద కంపెనీలు తమ గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చుపెట్టాలని 2013 నాటి కంపెనీల చట్టం నిర్దేశిస్తోంది, 2014 ఏప్రిల్ నుంచి ఇది అమలులో ఉంది. పర్యావరణం ఆ జాబితాలో ఉంది కనుక పార్కుకు ఇవ్వడానికి వీలుంటుంది. అయితే తమ ఉత్పత్తులకు, సేవలకు ప్రచార లబ్ధి ఆశించి చేసే ప్రాయోజిత కార్యక్రమాలను ఈ ఖాతాలో చూపరాదని అదే చట్టం కింది నియమాలు చెబుతున్నాయి. ఉత్పత్తుల బోర్డులు కావాలంటే అది ప్రకటన. ప్రకటనకు నగరపాలక సంస్థ వద్ద అనుమతి తీసుకుని రుసుము కట్టాలి. ‘ఫలానా వారి సహకారంతో’ అని అడుగు పొడవు రాతిపలక పెట్టించండి, దానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు.

కాఫీ దుకాణం విషయంలో మరింత జాగ్రత్త అవసరం. పార్కుకని కేటాయించిన స్థలాన్ని మరో అవసరానికి ఇచ్చే అధికారం ప్రభుత్వానికి కూడా పరిమితంగానే ఉంది. మీ సంఘానికి అసలే లేదు. బెంగళూరులో పార్కు స్థలాన్ని ఒక ప్రైవేటు ఆసుపత్రికి కేటాయించినప్పుడు, 1991లో, సుప్రీంకోర్టు ఆ కేటాయింపును నిలవనీయలేదు. బస్తీవాసులే అప్పట్లో కోర్టుకెక్కారు. ఆసుపత్రినే ఒప్పుకోని చోట కాఫీ కొట్టును ఎలా సమర్థిస్తారు?

మరో చిక్కు గమనించండి. ఆ డబ్బు మీ సంఘం చేతికి ఇచ్చి పని చేయించడం కంపెనీకి అంత సులువు కాదు. అలాంటి అమలు సంస్థకు ఆదాయపన్ను శాఖ ఇచ్చే 12ఏ (సంస్థకు పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను మినహాయింపు) గుర్తింపులు, మూడేళ్ల అనుభవం, కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వద్ద సీఎస్ఆర్-1 (సామాజిక బాధ్యత పనులు చేపట్టే సంస్థల) నమోదు ఉండాలి. సభ్యుల సౌకర్యం కోసమే నడిచే కాలనీ సంఘాలకు సాధారణంగా అవి ఉండవు. కాబట్టి కంపెనీయే నేరుగా పని చేయించేటట్టు, నగరపాలక సంస్థ, కంపెనీ, మీ సంఘం ముగ్గురి సంతకాలతో ఒప్పందం రాసుకోండి. ఎన్నేళ్లు నిర్వహిస్తారో అందులో అడగండి. ఒక్క ఏడాదికైతే ద్వారం మీద పేరు ఎందుకో కూడా అడగండి.

ప్రశ్న (కర్నూలు): నేను ప్రభుత్వ పాఠశాలలో ఉపాధ్యాయినిని. బాగా ఉన్నవాళ్ల కాలనీల్లో సంఘాలు చందాలేసుకుంటాయి, అధికారులూ అక్కడికే వస్తారు, నడక బాటలు పడతాయి. నా విద్యార్థులుండే పేటలో పార్కు అని బోర్డున్న చోట చెత్త పోస్తున్నారు. ఇంటికి 5 వేలు కాదు, 50 రూపాయలు అడగడానికే నాకు మొహం చెల్లదు. ఈ భాగస్వామ్యాలన్నీ ఉన్నవాళ్లకేనా?

జవాబు: అమ్మా, ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో అసలైన ప్రశ్న మీదే. జవాబు కూడా సూటిగా చెప్పాలి. అవును, పద్ధతిని దాని మానాన వదిలేస్తే అది ఉన్నవాళ్లవైపే వాలుతుంది. ప్రజలు ఎంత వేసుకుంటే ప్రభుత్వం అంత కలుపుతుందనే పథకం వినడానికి న్యాయంగా ఉంటుంది గాని, 6 లక్షలు వేసుకోగలిగిన కాలనీకి మరో 6 లక్షలు, ఏమీ వేసుకోలేని పేటకు సున్నా అని దాని అర్థం. ప్రజాధనమే ఆ తేడాను రెట్టింపు చేస్తుంది.

ఇందాక చెప్పిన న్యూయార్క్‌లోనే ఈ గొడవ పెద్దదైంది. 2012లో జాన్ పాల్సన్ అనే మదుపరి సెంట్రల్ పార్కుకు ఏకంగా 10 కోట్ల డాలర్లు ఇచ్చారు. పేదలుండే బరోల్లోని (నగర విభాగాల్లోని) చిన్న పార్కులు దశాబ్దాలుగా మరమ్మతుకు నోచుకోకుండా ఉన్నప్పుడు ఒక్క పార్కుకే ఇంత డబ్బా అన్న ప్రశ్న లేచింది. మరుసటి ఏడాది డేనియల్ స్క్వాడ్రన్ అనే రాష్ట్ర సెనేటరు, సంపన్న పార్కు సంఘాలు తమ బడ్జెట్‌లో 20 శాతాన్ని పేద పార్కులకు మళ్లించాలని ప్రతిపాదించారు. అది చట్టం కాలేదు. నా దృష్టిలో కాకపోవడమే మంచిది. ఒక పార్కు పేరు చెప్పి అడిగిన విరాళాన్ని బలవంతంగా మరోచోటికి తీసుకెళితే దాత చేయి ముడుచుకుంటుంది. కానీ ఆ వాదన ఊరికే పోలేదు. 2014లో నగరం కమ్యూనిటీ పార్క్స్ ఇనీషియేటివ్ అనే కార్యక్రమం పెట్టి, ఇరవై ఏళ్లలో రెండున్నర లక్షల డాలర్లయినా పెట్టుబడి అందని పార్కులను ఏరి, మొదటి విడతలో 35 పార్కులకు 13 కోట్ల డాలర్లు కేటాయించింది. చందా అడగలేదు, ఎక్కడ ఇంతకాలం ఖర్చు పెట్టలేదో ఆ లెక్కనే అర్హతగా తీసుకుంది. పెద్ద సంఘాలు కొన్ని తమ తోటమాలుల నైపుణ్యాన్ని, సిబ్బంది సాయాన్ని చిన్న పార్కులకు ఇవ్వడానికి ఒప్పుకున్నాయి.

మన పట్టణాలకు కావలసింది ఈ జాబితాయే. ఏ పార్కుకు పదేళ్లలో ఎంత ఖర్చయిందో వార్డులవారీగా పట్టిక వేయమని సమాచార హక్కు చట్టం కింద మీరు అడగవచ్చు. పది రూపాయల దరఖాస్తు అది. సున్నాలున్న వార్డులు ఎక్కడున్నాయో ఆ పట్టిక చూపిస్తుంది. పార్లమెంటు సభ్యుల స్థానిక ప్రాంత అభివృద్ధి నిధిలో ఏటా 15 శాతం ఎస్సీలు, 7.5 శాతం ఎస్టీలు నివసించే ప్రాంతాల పనులకు సిఫారసు చేయాలన్న నియమం కూడా ఉంది. మీ పేట ఆ కోవలోకి వస్తే ఆ సంగతి చెప్పి అర్జీ పెట్టండి.

ఇక ప్రజల వాటా అంటే డబ్బే అనుకోనక్కరలేదు. 1997లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన జన్మభూమి కార్యక్రమంలో ప్రజల వాటాను శ్రమ రూపంలో ఇవ్వడానికీ వీలు కల్పించారు. ఆ కార్యక్రమం మంచిచెడ్డలపై ఎన్ని వాదనలున్నా, శ్రమను రూపాయల్లో లెక్కగట్టి వాటాగా రాసుకునే అలవాటు మన ఇంజినీరింగ్ విభాగాలకు అప్పటినుంచి ఉంది. కృష్ణా జిల్లా చల్లపల్లి సంగతి మీరు వినే ఉంటారు. అక్కడి వైద్య దంపతుల చొరవతో 2014 నవంబరులో మొదలైన స్వచ్ఛ చల్లపల్లి కార్యకర్తలు తెల్లవారకముందే చీపుళ్లు, పలుగులు పట్టుకుని వీధుల్లోకి వచ్చి చెత్తకుప్పలుండే రోడ్ల వెంట పూలమొక్కలు పెంచారు. డాక్టరు, రైతు, టీచరు, కూలి ఒకే వరసలో నిలబడి ఊడవడం చూశాక ఆ రోడ్డు మీద చెత్త వేయడానికి చేయి రాదు. అలాంటి బృందం అడిగినప్పుడు పంచాయతీ గాని మున్సిపాలిటీ గాని ట్రాక్టరు పంపకుండా ఉండటం కష్టం.

మీ పేట తల్లిదండ్రులు రోజంతా కూలికి వెళ్లి వస్తారు కాబట్టి వాళ్లనే మళ్లీ ఉచితశ్రమ అడగడంలోనూ ఇబ్బంది ఉంది; దాన్ని మీరే బాగా ఎరుగుదురు. ఆదివారం గంటసేపు, మీ బడి పిల్లలు, కుదిరిన పెద్దలు. మొదటి నెల చెత్త తీయడం, ప్రతిసారీ తేదీతో ఫొటో తీసి వార్డు సచివాలయంలో దరఖాస్తుతోపాటు ఇచ్చి రసీదు తీసుకోవడం. నాలుగు రసీదులు చేతిలో ఉన్న టీచరును కమిషనరు కార్యాలయం తేలిగ్గా వెనక్కి పంపదు. నీళ్లకూ కంచెకూ మాత్రం మీరు ఒక్క రూపాయి పోగుచేయవద్దు. అవి ప్రభుత్వమే ఇవ్వాలి.

ప్రశ్న (రాజమహేంద్రవరం): మా పార్కుకు 3 లక్షలు ఇస్తానన్న దాత, లోపల చిన్న గుడి కట్టాలని, లేదంటే తమ తండ్రిగారి విగ్రహమైనా పెట్టాలని షరతు పెట్టారు.

జవాబు: రెండూ కుదరవు. ప్రజల రోడ్లపై, పార్కుల్లో, ఇతర బహిరంగ స్థలాల్లో గుడి, మసీదు, చర్చి, గురుద్వారా ఏదీ కొత్తగా కట్టనివ్వరాదని 2009 సెప్టెంబరు 29న సుప్రీంకోర్టు ఆదేశించింది. రోడ్లు, కాలిబాటలు, ఇతర ప్రజోపయోగ స్థలాల్లో విగ్రహాలకు అనుమతి ఇవ్వరాదని 2013 జనవరిలో మరో ఉత్తర్వు వచ్చింది. ఆయన తండ్రిగారి పేరుతో ఒక రావిచెట్టు నాటి, చుట్టూ అరుగు కట్టించి, అరుగు అంచున పేరు చెక్కించవచ్చని చెప్పి చూడండి. సాయంత్రం పదిమంది కూర్చునే అరుగు మీద తండ్రి పేరు ఉండటం ఏ కొడుకైనా కాదనడనుకుంటాను. కాదంటే 3 లక్షలు వదులుకోండి.

ప్రశ్న (ఖమ్మం): మా సంఘం కార్యదర్శి పార్కు లెక్కలు చూపమంటే ‘ఇది ప్రైవేటు సంఘం, చెప్పనక్కరలేదు’ అంటున్నారు. నగరపాలక సంస్థ కూడా మాకు నిధులిచ్చింది.

జవాబు: సభ్యుడిగా మీకు లెక్కలు చూసే హక్కు ఉంది, సర్వసభ్య సమావేశంలో లెక్కలు ఆమోదింపజేసి రిజిస్ట్రారుకు పంపడం సంఘం బాధ్యత. ఇక ప్రభుత్వ డబ్బు గణనీయంగా అందుకునే స్వచ్ఛంద సంస్థలు కూడా సమాచార హక్కు చట్టం పరిధిలోకి వస్తాయని 2019 సెప్టెంబరులో సుప్రీంకోర్టు చెప్పింది. గణనీయం అన్నది ఎంతో ఒక్కో కేసును బట్టి తేల్చాలి. అంతదూరం వెళ్లకముందు, సంఘానికి ఇచ్చిన నిధుల వినియోగ పత్రాల నకలును నగరపాలక సంస్థనే అడగండి. కార్యదర్శి మీకు చూపనివి అక్కడ సంతకం చేసి ఇచ్చే ఉండాలి. ఇకపై చందా నగదుగా ఇవ్వడం మానండి. 80జి మినహాయింపు ఉన్న సంస్థలకు కూడా 2 వేలు దాటిన నగదు విరాళానికి పన్ను లాభం దక్కదు. అసలు కారణం అది కాకపోయినా, చెప్పుకోవడానికి మర్యాదగా ఉంటుంది.

ప్రశ్న (నల్గొండ): పార్కును మేం 4 లక్షలతో బాగుచేసుకున్నాక వెనక బస్తీ పిల్లలు వచ్చి ఉయ్యాలలు పాడుచేస్తున్నారు. గేటుకు తాళం వేసి, చందా ఇచ్చిన ఇళ్లకే తాళంచెవులు ఇద్దామని తీర్మానం చేశాం. ఇది చెల్లుతుందా?

జవాబు: చెల్లదు. స్థలం నగరానిది కాబట్టి ఎవరు రావాలో నిర్ణయించే అధికారం మీ తీర్మానానికి లేదు. రాత్రి పది తర్వాత మూసి ఉదయం ఐదింటికి తెరిచే వేళలను సంస్థ అనుమతితో పెట్టుకోవచ్చు. ఆ వేళలు అందరికీ ఒకటే ఉండాలి. రెండు ఉయ్యాలల చోట నలభైమంది పిల్లలు చేరితే అవి తెగక ఏమవుతాయి? మరో నాలుగు ఉయ్యాలలు వేయించమని సంస్థకు దరఖాస్తు పెట్టండి, ఆ దరఖాస్తు మీద వెనక బస్తీ పెద్దల సంతకాలు కూడా తీసుకోండి. తాళం ఈ సాయంత్రమే తీయండి.